నీళ్ల కింద గని: కొల్లూరు దారిలో నాలుగు రోజులు

మొదటి రోజు

బడికి వేసవి సెలవులిచ్చే రోజున, కొల్లూరు వెళ్దామనుకుంటున్నానని స్టాఫ్ రూములో అన్నాను. అందరూ తెనాలి దగ్గర కొల్లూరనే అనుకున్నారు. "వచ్చేటప్పుడు ఒక అరటి గెల తెండి మేస్టారూ" అన్నారొకరు. ఆ కొల్లూరు కాదు, పల్నాడులో బెల్లంకొండ మండలంలో ఇంకో కొల్లూరు ఉంది, ఒకప్పుడు అక్కడ వజ్రాల గని ఉండేది, ఇప్పుడది పులిచింతల జలాశయంలో మునిగి ఉంది అని చెప్పాను. "మునిగిపోయిన ఊళ్లో చూడ్డానికి ఏముంటుందండీ?" అన్నారాయన. ఏం చెప్పాలో తోచక నవ్వి ఊరుకున్నాను.

పోయి పోయి రోహిణి కార్తెలో బయల్దేరాను. కావాలనే అనుకోండి. జలాశయంలో నీళ్లు బాగా దిగేది అప్పుడే. గుంటూరులో పొద్దున ఏడింటికి బస్సెక్కితే సత్తెనపల్లిలో దిగేసరికే కిటికీ చువ్వ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. అక్కడ బెల్లంకొండ బస్సు నా కళ్ల ముందే వెళ్లిపోయింది. తప్పు నాదే, సోడా తాగుతూ నిలబడ్డాను. ఇంకో గంటన్నర స్టాండులో కూర్చోవాల్సి వచ్చింది.

సంచిలో జిరాక్స్ కాగితాల కట్ట ఒకటి ఉంది. టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగి గనులు చూసి రాసుకున్నది. 1676లో పారిస్‌లో అచ్చయింది. దాన్ని 1889లో వాలెంటైన్ బాల్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇంగ్లీషులోకి తెచ్చాడు. టావెర్నియే చెప్పిన గని ఈ కొల్లూరేనని గట్టిగా నిలబెట్టింది కూడా ఆయనే.

స్టాండులో కూర్చుని చదువుతుంటే ఒకచోట నవ్వొచ్చింది. గోల్కొండకు తూర్పున ఏడు రోజుల ప్రయాణంలో ఒక గని ఉందట, దాన్ని 'దేశభాషలో గని అనీ, పారసీలో కొల్లూరు అనీ' అంటారట! ఏం జరిగి ఉంటుందో ఊహించడం తెలుగువాడికి కష్టం కాదు. ఆయన చేయి చూపించి ఇదేమిటని అడిగి ఉంటాడు. ఎవరో "గని" అని ఉంటారు. అది ఊరి పేరనుకుని రాసుకున్నాడు. అసలు పేరు ఏ పారసీ గుమాస్తా నోటనో విని, అది పారసీ మాట అనుకున్నాడు. బాల్ మాత్రం ఆయన రాసుకున్న 'గని' పారసీలో గనికి వాడే 'కాన్' అన్న మాట నుంచి వచ్చిందంటాడు. కావచ్చు. నాకు మాత్రం నా ఊహే నచ్చింది.

బెల్లంకొండలో ఒక స్నేహితుడి మేనమామ గారింట్లో బస. సాయంత్రం ఎండ తగ్గాక కొండ మీది కోట చూద్దామని బయల్దేరి సగం ఎక్కి, ఆయాసమొచ్చి దిగిపోయాను. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద దండెత్తినప్పుడు ఉదయగిరి, అద్దంకి, వినుకొండ, కొండవీడులతో పాటు పట్టుకున్న కోటల్లో ఇదొకటి. ఆయన ఎక్కినట్టు నేనెక్కలేకపోయాను, అంతే.

రాత్రి డాబా మీద పడకలు వేశారు. ఆ ఇంటి అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "కోహినూరు ఇక్కడ దొరికిందేగా సార్?" అని అడిగాడు. నేను బడిలో ఇరవై ఏళ్లుగా అదే చెబుతున్నాను కాబట్టి ఔననేయబోయాను. కానీ పగలంతా చదివిన కాగితాలు ఊరుకోనివ్వలేదు.

టావెర్నియే ఈ గనిని చూసింది 17వ శతాబ్దం మధ్యలో. ఈ గని బయటపడి సుమారు నూరేళ్లయిందని ఆయనకు అక్కడివాళ్లు చెప్పారు. అంటే 1550కి కాస్త అటూ ఇటూ. 1526లో పానిపట్టు గెలిచాక ఆగ్రాలో బాబరు కొడుక్కి చిక్కిన పెద్ద వజ్రమే కోహినూరు అని చాలామంది నమ్మకం. అదే నిజమైతే, అప్పటికి కొల్లూరు గనే లేదు. లేదూ, టావెర్నియే 1665 నవంబరులో ఔరంగజేబు కొలువులో చేతిలోకి తీసుకుని చూసిన పెద్ద వజ్రమే కోహినూరైతే, అది కొల్లూరుదే. ఎందుకంటే ఆ రాయి ఈ గనిదని ఆయనే రాశాడు. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా మొగలులకు కానుకగా ఇచ్చాడట. సానపట్టకముందు 900 రత్తుల (గురిగింజల) బరువు. వెనిస్ నుంచి వచ్చిన బొర్గియో అనే సానవాడు దాన్ని అరగదీసి అరగదీసి పాడుచేశాడు. కూలి ఇవ్వకపోగా పదివేల రూపాయలు జరిమానా వేశారు, ఉంటే ఇంకా లాగేవాళ్లే అంటాడు టావెర్నియే. రెండు కథల్లో ఏదో ఒకటే నిజం కావాలి. మనం రెండూ కలిపి చెప్పుకుంటున్నాం.

"మరి పిల్లలకేం చెబుతారు సార్?" అన్నాడు అబ్బాయి. వచ్చే జూన్ నుంచి తేదీలు చెప్పి, తేల్చుకోండి అంటానన్నాను.

రెండో రోజు

పొద్దున్నే ఇంటాయన బండి మీద నిర్వాసితుల కాలనీ ఒకదానికి తీసుకెళ్లాడు. పులిచింతల కింద కృష్ణకు రెండు గట్ల మీదా కలిపి పాతిక పైచిలుకు ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లవాళ్లు ఇలాంటి కాలనీల్లో ఉన్నారు. గీత గీసినట్టు వీధులు, ఒకే కొలత స్థలాలు. పాత ఊళ్లలో వీధి మలుపు తిరిగితే ఎవరి ఇల్లు వస్తుందో కాళ్లకే తెలుస్తుంది. ఇక్కడ ఇంటి నెంబరు చూడాలి.

వేప నీడన ఒక పెద్దావిడ బియ్యం చెరుగుతోంది. ఇంటాయనకు తెలిసినవాళ్లే. "పిన్నమ్మా, ఈ మేస్టారు వజ్రాల గని సంగతి రాసుకోడానికొచ్చారు" అన్నాడు. ఆవిడ చేట ఆపకుండానే, "వజ్రాలు మేం జూడలేదయ్యా" అంది. "గుంటలు జూశాం. పెద్ద పెద్ద గుంటలు. వానాకాలం నీళ్లు నిలిచేయి. గొడ్లు తాగేయి. ఎండాకాలం మేకపిల్లలు పడిపోయేయి. వజ్రాల గుంటలని మా మామ అనేవాడు. అంతే."

నేను టావెర్నియే కథ చెప్పాను. ఎవరో పేద రైతు చిరుధాన్యం చల్లుకుందామని కాస్త నేల తవ్వుతుంటే కోసుగా ఉన్న రాయొకటి దొరికింది. దాదాపు 25 కారెట్లు. దాన్ని గోల్కొండ తీసుకెళితే ఒక వజ్రాల వర్తకుడు చూసి ఆశ్చర్యపోయాడు. అలా గని బయటపడింది. ఇంకో కథ కూడా ఉంది. టావెర్నియే కంటే ముందు, 1618-22 మధ్య మచిలీపట్నంలో ఉన్న మెత్వోల్డ్ అనే ఆంగ్ల వర్తకుడు రాసింది. అందులో రైతు లేడు. కొండల్లో మేకలు కాసుకునేవాడి కాలికి మెరిసే రాయి తగిలింది. వాడు దాన్ని కాసిని బియ్యానికి అమ్మేశాడు. కొన్నవాడికీ దాని విలువ తెలియదు.

పెద్దావిడ కాసేపు ఆలోచించింది. "మేకలోడే అయ్యుంటాడు" అంది. ఎందుకని అడిగాను. "దున్నేవోడు రాళ్లను జూస్తాడా? తీసి గట్టు మీద పడేస్తాడు. మేకలోడికి పనేముంది, రోజంతా నేల జూడటమేగా."

మూడు వందల యాభై ఏళ్లుగా రెండు కథలూ పక్కపక్కనే ఉన్నాయి. వాటి మీద ఇంత సూటిగా తీర్పు చెప్పినవాళ్లను నేను చదవలేదు.

ఆవిడ ఊరి గురించి అడిగితే వజ్రాల కంటే చాలా ఎక్కువ చెప్పింది. ఊరు కదిలేటప్పుడు అమ్మవారిని బండి మీద తెచ్చుకున్నారు. బొడ్రాయిని తేలేదు, కొత్తది వేసుకున్నారు. "బొడ్రాయి పెకలిస్తారా ఎక్కడన్నా? అది ఆ నేలది." పొలం డబ్బులు ఆడపిల్ల పెళ్లికీ, మగపిల్లాడి చదువుకీ సరిపోయాయి. సరిపోయాయి అంటే అయిపోయాయి అని. ఇంటి ముందు పెద్ద చింతచెట్టు ఉండేదట. నీళ్లు నిలపకముందే కొట్టేశారు. మోడు మాత్రం ఉంది. ఆనకట్ట గేటు కొట్టుకుపోయిన ఏడాది నీళ్లన్నీ దించేస్తే ఊరివాళ్లు బళ్ల మీద వెళ్లి పాత ఊరు చూసొచ్చారు. అప్పుడు మోడు కనపడింది. దాని మీద కూర్చుని టిఫిను తిన్నారట.

"రేపు నువ్వు పుట్టి మీద పోతావుగా. ఉందేమో జూడు" అంది. గుర్తులు చెప్పింది: ఎర్రమిట్ట, దాని కింద రెండు బండలు, బండలకు ఏటి వైపు. నేను ఆ గుర్తులన్నీ జిరాక్స్ కాగితం వెనక రాసుకున్నాను. గంట కిందటి దాకా మేస్టారు మేస్టారన్న ఇంటాయన, ఆవిడ నన్ను నువ్వు అనడం విని నవ్వాడు. నాకూ బాగానే ఉంది.

మధ్యాహ్నం నుంచి వడగాలి. రాసుకోదగ్గది ఏమీ జరగలేదు. పడుకున్నాను.

మూడో రోజు

తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాం. చేపలు పట్టే అతనొకతను పుట్టి సిద్ధంగా ఉంచాడు. వెదురు పుట్టి కాదు, ఫైబరుది. వలలో ముందు రోజు పడ్డ బొచ్చెల వాసన ఇంకా పోలేదు. ఎక్కే ముందు అతను వంగి నీళ్లు ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అలవాటుగా, చూపు వేరే ఎటో ఉండగానే.

అది చూడగానే కాగితాల్లో ఒక పేజీ గుర్తొచ్చింది. కొత్తచోట తవ్వకం మొదలుపెట్టే ముందు ఇక్కడి కూలీలు చేసే పూజను టావెర్నియే వివరంగా రాశాడు. తాము కొలిచే దేవుడి రాతి విగ్రహాన్ని నిలబెడతారు. మూడుసార్లు సాగిలపడతారు. పూజారి ప్రార్థన చేస్తాడు. కుంకుమపువ్వూ జిగురూ కలిపిన ముద్దతో నుదుట బొట్టు పెట్టి, దాని మీద ఏడెనిమిది బియ్యపు గింజలు అంటిస్తాడు. తర్వాత కుండల్లో తెచ్చిన నీళ్లతో ఒళ్లు కడుక్కుని, వరుసగా కూర్చుని, ఆకుల్లో అన్నం తింటారు. ఆయనకు ఇదంతా వింత. కుంకుమపువ్వు కాదయ్యా, పసుపై ఉంటుంది, ఆ గింజలను అక్షతలంటారు, ఆ ఆకులు విస్తళ్లు అని చెప్పాలనిపించింది. ఆయన చూసింది చూసినట్టే రాశాడు, పేర్లు తెలియవు, అంతే. ఇంటికొచ్చిన కొత్తవాడికి మనవాళ్లు మొహమాటపడి పేర్లు చెప్పకుండా వదిలేసినట్టుంది.

అరగంట తెడ్డు వేశాక గట్టు దగ్గర దిగాం. నీళ్లు దిగిన మేర నేల బీటలు వారి ఉంది. పైన గవ్వల్లాంటి నత్తగుల్లలు, కింద గులకరాళ్లు. గుండ్రటి రాళ్లు, తెల్లవి, ఎర్రవి, పొగరంగువి. ఇక్కడ వజ్రం పుట్టలేదు. ఏదో కాలంలో ఎక్కడో లోతు నుంచి అగ్నిశిలతో పాటు పైకొచ్చి, ఆ శిల అరిగిపోయి, వాగులూ ఏరూ కలిసి మోసుకొచ్చి ఈ గులక పొరలో దాచాయి. అందుకే ఇక్కడ సొరంగాలు అక్కర్లేదు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగులు, నీరు పడేదాకా తవ్వేవాళ్లట. కొండకు దగ్గరయ్యే కొద్దీ రాళ్లు పెద్దవి దొరికేవి, మరీ పైకెక్కితే ఏమీ దొరికేవి కావు.

ఆ తర్వాత పని ఎలా సాగేదో చదివితే గని కంటే కళ్లమే ఎక్కువ గుర్తొస్తుంది. ముందుగా పక్కన నేల చదును చేసి, చుట్టూ రెండడుగుల ఎత్తు గోడ కడతారు. అడుగున అక్కడక్కడ కంతలు వదిలి మూసి ఉంచుతారు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసుకొచ్చి అందులో పోస్తారు. గుంటలో ఊరిన నీళ్లనే కుండలతో తెచ్చి పోసి, ఒకటి రెండు రోజులు నానబెడతారు. జావలా అయ్యాక కంతలు తెరిస్తే బురద పోతుంది, ఇసక మిగులుతుంది. దాన్ని ఎండబెట్టి, చిన్న బుట్టల్లో వేసి, మనం ధాన్యం తూర్పారబట్టినట్టు చెరుగుతారు. మిగిలిన గడ్డలను రోకళ్లలాంటి కర్రలతో దంచుతారు. మళ్లీ చెరుగుతారు. ఆఖరుకు నేల మీద పరిచి, అందరూ వంగి ఏరతారు.

అంటే చేట, రోకలి, కుండ, గంప. నిన్న వేప కింద పెద్దావిడ చేతిలో ఉన్నదే. ప్రపంచంలోకెల్లా పేరున్న రాళ్లు బయటికొచ్చింది వంటింటి సామానుతో. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా లోకానికి వజ్రాలంటే దాదాపుగా మన దేశమే. ఫ్రెంచి రాజు 14వ లూయీకి టావెర్నియే 1668లో అమ్మిన 112 కారెట్ల నీలి వజ్రం బహుశా ఇక్కడిదే. అదే తెగి, దొంగల పాలై, మళ్లీ తెగి, 45.52 కారెట్ల హోప్ వజ్రంగా ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో కొన్న 410 కారెట్ల రాయి కొల్లూరుదని కొందరు, పరిటాల అనే ఇంకో గనిదని కొందరు అంటారు. సానబట్టాక దాని పేరు రీజెంట్, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

కూలీలెంతమంది? మెత్వోల్డ్ 30,000 అన్నాడు. టావెర్నియే 60,000 అన్నాడు. ఆ రోజుల్లో తలలు ఎవరు లెక్కపెట్టారు గనక? సగానికి సగం కొట్టేసినా ఈ మిట్టల మధ్య అదొక పట్నమే. అంతమంది ఎక్కడ పడుకున్నారు, గింజలు ఎక్కడి నుంచి వచ్చేవి అని నిలబడి చూస్తే, కనుచూపు మేర నీళ్లూ రాళ్లూ తప్ప ఇంకేం లేవు.

కొంచెం అవతల ఇద్దరు మనుషులు వంగి నేల చూస్తూ నడుస్తున్నారు. తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి పడగానే జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారని తెలుసు, ఇక్కడ వాన లేకుండానే వెతుకుతున్నారు. పలకరిస్తే, "పొద్దుపోక వచ్చామండీ" అన్నారు. ఒకతని జేబు బరువుగా వేలాడుతోంది. తెల్లవారి ఆరు గంటలకు పొద్దుపోకపోవడం ఏమిటో నేను అడగలేదు. నేను మాత్రం ఎందుకొచ్చానని?

తిరిగొచ్చేటప్పుడు పుట్టి అతను అడిగాడు, అప్పట్లో కూలి ఎంతిచ్చేవాళ్లు సార్ అని. ఈ గని సంగతి టావెర్నియే రాయలేదు కానీ, రావుల్కొండ అని ఆయన పిలిచిన ఇంకో గనిలో, పని బాగా తెలిసినవాడికి కూడా ఏడాదికి మూడు పగోడాలు.

"పగోడా అంటే?"

"మన వరహా."

"ఏడాదికి మూడు వరహాలా! మరి దొంగతనాలు చెయ్యరా సార్?"

చేసేవాళ్లు. ఒకడు రెండు మంజాడుల రాయిని కంటి కొసలో దాచుకుని పట్టుబడ్డాడట. మంజాడి అంటే ఎర్రటి గింజ, గురిగింజలాగే దాంతో రత్నాలు తూచేవాళ్లు. యాభైమంది కూలీల మీద పన్నెండు పదిహేనుమంది కాపలా. కొంటే అమ్మితే రాజుకు నూటికి రెండు. ఇవన్నీ చెబుతుంటే అతను తెడ్డు ఆపి విన్నాడు. "కంట్లోనా!" అని ఒక కన్ను నలుపుకున్నాడు.

అన్నట్టు చింతమోడు. ఎర్రమిట్ట కనపడింది. దాని కింద రెండు బండలూ ఉన్నాయి. రెండో బండ సగం నీళ్లలోనే ఉంది. దానికి ఏటి వైపంటే ఇంకా లోతు. అతను తెడ్డు నిలువుగా దించి చూశాడు, అందలేదు. రెండు మూడు చోట్ల దించాడు. "ఇంకో నిలువు దిగాల సార్" అన్నాడు. మేం ఆ చుట్టుపక్కల పావుగంట తిరిగాం. గని కోసం అంతసేపు వెతకలేదు.

నాలుగో రోజు

పొద్దున ఆనకట్ట చూడ్డానికి వెళ్లాను. పనులు 2004లో మొదలై, 2013 డిసెంబరు 7న ప్రారంభమైంది. ఇంజనీరు కె.ఎల్. రావు పేరు పెట్టారు. 45.77 టీఎంసీలు పడుతుంది. 24 గేట్లు. 2021 ఆగస్టు 5న 16వ గేటు వరదకు ఊడి కొట్టుకుపోయింది. పెద్దావిడ చింతమోడు మీద టిఫిను తిన్నది అప్పుడే. అవతల గట్టున తెలంగాణ, అక్కడ కరెంటు తీసే కేంద్రం.

ఇక్కడి నుంచి వదిలిన నీళ్లు ప్రకాశం బ్యారేజీకి చేరి, కాలవల్లో పడి, కృష్ణా డెల్టాలో 13 లక్షల ఎకరాలకు ఆదరువు. అందులో తెనాలి వైపు పొలాలూ ఉన్నాయి. మా స్టాఫ్ రూములో ఆయన అడిగిన అరటి గెల గుర్తొచ్చింది. ఆ కొల్లూరు గెలకు నీళ్లు ఈ కొల్లూరు మీదుగానే పోతాయన్నమాట. ఆయనకు చెప్పాలి.

బస్సుకు రెండు గంటల టైముంది. ఇంటాయన కాలనీ మీదుగా తీసుకెళ్లాడు. పెద్దావిడ ఈసారి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన చేటలో మినుములు. నన్ను చూసి వజ్రాల గురించి అడగలేదు.

"కనపడిందా?"

"రెండు బండలూ కనపడ్డాయమ్మా. అవతలంతా నీళ్లే. ఇంకో నిలువు దిగాలంట."

"రెండో బండ ఎంతవరకు మునిగింది?"

సగం అని చేత్తో చూపించాను. ఆవిడ లెక్క వేసుకుంటున్నట్టు కళ్లు చిట్లించింది. "ఐతే ఉంటదిలే" అంది. "చింతమోడు అంత తొందరగా పుచ్చదు."

లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెమ్మంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి మినుములు సగం చెరగడం అయింది. పొట్టు గాలికి నా చెప్పుల మీద పడుతుంటే, "కాస్త ఇటు జరుగు నాయనా" అంది. జరిగాను.